పాత టాపిక్‌లలో జవాబు రాయనివ్వాలా, తాళం వేసి ఉంచాలా? కాలనీ గ్రూపులు నడిపేవాళ్లు చెప్పండి

అడిగినవారు: సంఘం కార్యదర్శి, బోడుప్పల్

అందరికీ నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘానికి టెలిగ్రామ్‌లో గ్రూప్ ఉంది. ఒక్కో విషయానికి ఒక్కో టాపిక్ పెట్టుకున్నాం: నల్లా బిల్లు, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ), ఇంటి పన్ను, వీధి కుక్కలు, కరెంటు, అమ్మకాలు, ఇలాగ. మొన్నటిదాకా ఎవరైనా ఎందులోనైనా రాయొచ్చు.

ఈమధ్య ఏమైందంటే, మంచినీళ్ల పైపులైన్ మరమ్మతు ఉంది, రేపు నీళ్లు రావు అని కిందటేడాది పెట్టిన టాపిక్ ఒకటి ఉంది. దాని కింద ఎవరో కొత్తగా చేరినాయన ‘థాంక్యూ సర్’ అని రాశారు. దాంతో ఆ టాపిక్ ఎక్కడో అడుగు నుంచి లేచి పైకొచ్చింది. తేదీ ఎవరు చూస్తారండీ? సాయంత్రానికి సగం కాలనీ డ్రమ్ములూ బిందెలూ నింపి పెట్టుకుంది. రెండు వీధుల వాళ్లు ట్యాంకర్‌కి కూడా ఫోన్ చేశారు. మర్నాడు నల్లా మామూలుగానే వచ్చింది. ఇక నన్ను అడగని వాళ్లు లేరు.

దీంతో ఆరు నెలలు దాటిన టాపిక్‌లన్నీ మూసేయమని కమిటీలో తీర్మానించారు, మూసేశాం. ఇప్పుడు ఇంకో తలనొప్పి. ఎల్‌ఆర్‌ఎస్ మీద ఉన్న పెద్ద టాపిక్ కూడా మూతపడింది కదా, అడిగినవాళ్లే అడుగుతూ రోజుకో కొత్త టాపిక్ తెరుస్తున్నారు. చెప్పినవాళ్లకు చెప్పిందే చెప్పాల్సొస్తోంది. మీరంతా ఏం చేస్తున్నారు? మొత్తం తెరిచేయడమా, మూసే ఉంచడమా?

జవాబు: అపార్ట్‌మెంట్ అడ్మిన్, కూకట్‌పల్లి

మూసే ఉంచండి సర్. పాత చింతకాయ పచ్చడి అంతా మళ్లీ ఎవరు రుచి చూస్తారు? మాది వాట్సాప్, అందులో ఈ గొడవే లేదు. పాత మెసేజ్‌ని పట్టుకుని జవాబు ఇచ్చినా అది అట్టడుగునే కొత్త మెసేజ్‌గా పడుతుంది. కావాల్సినవాళ్లు సెర్చ్‌లో తేదీ పెట్టి వెతుక్కుంటారు.

జవాబు: మాజీ కార్యదర్శి, ఉప్పల్

పై అన్నగారి మాటతో నేను ఏకీభవించను. వాట్సాప్‌లో గొడవ లేకపోవడం కాదు, అసలు పాతదే లేకుండా పోతుంది. మామూలుగా కొత్తగా చేరినవాళ్లకు చేరకముందు జరిగిన చర్చ కనపడదు. వాళ్లు సెర్చ్‌లో ఏ తేదీ పెడితే ఏం లాభం? పాతవాళ్లకైనా, అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకోని ఫొటో ఇప్పుడు నొక్కితే రాదు, పంపినవాళ్లనే మళ్లీ పంపమని అడగమంటుంది. మన కాలనీల చర్చల్లో సగం సరుకు రసీదుల ఫొటోలే కదా.

కార్యదర్శిగారూ, ‘ఆరు నెలలు’ అనే గీతే తప్పు. టాపిక్ వయసు చూడకండి, దాని పని అయిపోయిందా లేదా చూడండి. మీ ఎల్‌ఆర్‌ఎస్‌నే తీసుకుందాం. 2020 ఆగస్టు 31న జీవో వచ్చింది. ప్లాటుకి 1000 రూపాయలు కట్టి అక్టోబరు చివరిదాకా దరఖాస్తులు పెట్టాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉలుకూ లేదు పలుకూ లేదు. మా గ్రూపులోనూ ఆ టాపిక్ నిద్రపోయింది. మీ ఆరు నెలల లెక్క పెట్టుంటే ఎప్పుడో మూతపడేది. 2025లో ప్రభుత్వం, క్రమబద్ధీకరణ రుసుము మార్చి 31లోగా కడితే 25 శాతం రాయితీ అన్నది. అంతే, ఆ వారమంతా అందరూ ఆ టాపిక్‌లోనే ఉన్నారు. 2020 నాటి దరఖాస్తు నంబరు ఎక్కడ దొరుకుతుంది, అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు మారిపోతే ఎలా, ప్లాటు అమ్మేశాక కొన్నవాళ్లు కట్టొచ్చా, అన్నీ అక్కడే. ఎప్పుడో ఒకాయన పెట్టిన రసీదు ఫొటో చూసి, దరఖాస్తు నంబరు కాగితంలో ఏ మూల ఉంటుందో పది మంది తెలుసుకున్నారు. ఆ గడువు తర్వాత పొడిగించారు కూడా. ప్రతి పొడిగింపూ అదే టాపిక్ కింద పడింది కాబట్టి కొత్త టాపిక్ తెరిచే పనే రాలేదు.

ఇంటి పన్ను ఇంకో రకం. ఏప్రిల్‌లో ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గింపు ఇస్తుంది కదా, ఎర్లీ బర్డ్ అని. ఏటా మార్చి ఆఖర్లో అవే ప్రశ్నలు. పాత బకాయికి కూడా తగ్గుతుందా అని తప్పకుండా ఒకరు అడుగుతారు. తగ్గదు. ఆ జవాబు కిందటేడాదిదే అక్కడ ఉంటుంది, ఈ ఏడాది అడిగినవాళ్లకి దాని లింకు ఇస్తే చాలు. ఏటా తిరిగొచ్చే టాపిక్‌ని ఏటా పాతిపెట్టడం ఎందుకు?

నల్లా బిల్లు కూడా తెరిచే ఉంచండి. హైదరాబాద్‌లో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్న పథకం ఉంది కదా, దానికి క్యాన్ నంబర్‌కి (నల్లా బిల్లు మీద ఉండే ఖాతా నంబరు) ఆధార్ జతచేయాలి, మీటరు పనిచేస్తూ ఉండాలి. ఇల్లు కొన్నవాళ్లు, అద్దెకు దిగినవాళ్లు ఎప్పుడూ కొత్తగా వస్తూనే ఉంటారు. వాళ్లకి ఈ సందేహం వచ్చినప్పుడల్లా అది కొత్తదే.

ఇక మూయాల్సినవి. నీళ్లు రావు, కరెంటు ఉండదు, ఆదివారం మీటింగ్ లాంటివి మర్నాడే మూసేయాలి, ఆరు నెలలు ఆగక్కర్లేదు. మీ డ్రమ్ముల కథకి కారణం పాత టాపిక్ తెరిచి ఉండటం కాదు, ఒక్కరోజు సమాచారానికి ఓ శాశ్వత టాపిక్ పెట్టడం. అలాంటివన్నీ ‘ప్రకటనలు’ అని ఒకే టాపిక్‌లో వేసి, అందులో కమిటీవాళ్లు తప్ప ఎవరూ రాయకుండా చేయండి. ఫ్రిజ్ అమ్ముతాం, బీరువా అమ్ముతాం లాంటివి అమ్ముడయ్యాక మూయాలి. లేకపోతే ‘ఇంకా ఉందా అండీ’ అని రెండేళ్ల తర్వాత కూడా అడుగుతారు.

జవాబు: కాలనీ సభ్యుడు, సైదాబాద్

ఉప్పల్ అన్న చెప్పింది కరెక్టే గానీ ఒక్కటి మర్చిపోయిండు. పంచాయితీల టాపిక్‌లు. పార్కింగ్ లొల్లి, బోరు మోటారు ఎవరు కాల్చిండ్రు, గణేశ్ చందా లెక్కలు. అవి సల్లబడినంక మళ్ల తెరిస్తే ఎవడో ఒకడు పాత మెసేజ్ పట్టుకొని ‘అప్పుడు మీరు ఇట్లన్నరు కదా’ అని మొదలుపెడ్తడు. మా దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మంచిగ మాట్లాడుకుంటున్నోళ్లు, ఒక పాత పోస్ట్ పైకి రావడంతోని మళ్ల మాట్లాడుకుంటలేరు. అసువంటివి మూసేయుర్రి, తీర్మానం ఏమైందో ఆఖర్ల ఒక్క లైను రాసి. లెక్కల కాడ మాత్రం జర జాగ్రత్త. ఎవరన్నా అడుగుతున్నప్పుడే మూసేస్తే ‘దాచిండ్రు’ అంటరు. జవాబు చెప్పినంకనే మూయాలె.

అడిగినవారు: బోడుప్పల్

అందరికీ ధన్యవాదాలు. పని అయిపోయిందా లేదా అన్న లెక్క నాకు నచ్చింది, కమిటీలో పెడతాను. రెండు సందేహాలు. ఒకటి, మూసినవి తిరిగి తెరవడం ఎలాగో మా కమిటీలో అందరికీ తెలియదు, అంతా రిటైరైనవాళ్లే. రెండు, ఎల్‌ఆర్‌ఎస్ టాపిక్‌లో వందల మెసేజ్‌లున్నాయి. తెరిచినా ఎవరూ పైనుంచి చదవరు. మొదట్లో ఉన్న పాత జవాబే చదివి అదే నిజం అనుకుంటే?

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

తెరవడం సులువే అంకుల్. టాపిక్‌ల జాబితాలో ఆ పేరు మీద వేలు నొక్కి పట్టుకోండి, పైన మెనూ వస్తుంది. మూసి ఉన్నదానికి రీఓపెన్, తెరిచి ఉన్నదానికి క్లోజ్ అని కనిపిస్తుంది. టాపిక్‌లను నిర్వహించే అనుమతి ఉన్న అడ్మిన్‌కి, ఆ టాపిక్ మొదలుపెట్టినవాళ్లకి మాత్రమే ఇది వస్తుంది. కమిటీలో ఇంకో ఇద్దరికి ఆ అనుమతి ఇచ్చి పెట్టండి, మీరు ఊరెళ్లినప్పుడు ఆగిపోకుండా. మూసిన టాపిక్ ఎక్కడికీ పోదు, అందరూ చదువుకోవచ్చు, ఆ అనుమతి ఉన్న అడ్మిన్లు అందులో రాయనూ వచ్చు. అంటే ‘ప్రకటనలు’ టాపిక్‌ని ఎప్పుడూ మూసే ఉంచితే చాలు, కమిటీవాళ్లు రాస్తారు, మిగతావాళ్లు చదువుతారు. వేరే సెట్టింగేమీ అక్కర్లేదు.

రెండోదానికి పిన్ వాడండి, అంటే ఒక మెసేజ్‌ని ఎప్పుడూ పైన కనపడేలా ఉంచడం. ప్రతి టాపిక్‌లో విడిగా మెసేజ్ పిన్ చేసుకోవచ్చు. ఈరోజుకి ఏది సరైనదో నాలుగు లైన్లలో రాసి, మొదటి లైనులోనే తేదీ వేసి పిన్ చేయండి. ఒక చిక్కుంది: గ్రూపులో ఒకరు రాసిన మెసేజ్‌ని ఇంకొకరు దిద్దలేరు. అందుకని విషయం మారినప్పుడల్లా పాతదాన్ని దిద్దే ప్రయత్నం చేయకుండా, కొత్తగా రాసి పిన్ చేసి, పాత పిన్ తీసేయండి. రెండు పిన్‌లు ఉంటే జనం పాతదే చదువుతారు, అదేం చిత్రమో!

తెరిచాక ఒకేసారి వందమంది మీద పడితే స్లో మోడ్ ఉంది. ఒకరు ఒక మెసేజ్ రాశాక ఇంకోటి రాయడానికి కొన్ని సెకన్ల నుంచి గంట వరకు ఆగేలా పెట్టొచ్చు. కాకపోతే అది గ్రూప్ మొత్తానికీ వర్తిస్తుంది, అవసరం తీరగానే తీసేయండి.

మీ కమిటీవాళ్లకి వచ్చిన ఆరు నెలల ఆలోచన కొత్తదేం కాదులెండి. రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో కూడా చాలాకాలం ఆరు నెలలు దాటిన పోస్టులు వాటంతటవే మూసుకుపోయేవి. 2021లో ఆ నిర్ణయం ఆయా గ్రూపులు నడిపేవాళ్ల చేతికి ఇచ్చేశారు.

జవాబు: కోశాధికారి, మల్కాజిగిరి

ఎవరూ అనలేదు కాబట్టి నేను చెప్తున్నాను. పాత టాపిక్ తెరిచే ముందు ఒకసారి మొత్తం చదవండి. పాత రోజుల్లో మనవాళ్లు ఆధార్ కార్డులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు వివరాలు అన్నీ ‘సార్ ఇది సరిపోతుందా’ అని ఫొటో తీసి పెట్టేశారు. అప్పుడు గ్రూపులో ఉన్నది ముఖపరిచయం ఉన్న ఇళ్లవాళ్లు. ఇప్పుడు అద్దెకున్నవాళ్లు, ఏజెంట్లు, ఎవరెవరో ఉన్నారు. మూసి ఉన్నా ఆ ఫొటోలు కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే అందరి కళ్లూ అక్కడికే వెళ్తాయి. అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా అందరి దగ్గరా తీసేసే వీలుంది. పెట్టినవాళ్లకి ఒక మాట చెప్పి తీసేయండి. మా గ్రూపులో నల్లా టాపిక్ తెరిచే ముందు ఈ పనికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మొత్తం కాగితం తీసేస్తే జనానికి ఉపయోగం పోతుంది కాబట్టి, పేరూ ఇంటి నంబరూ తెలుపు రంగుతో కప్పేసిన రసీదు ఒకటి నేనే నమూనాగా పెట్టాను. క్యాన్ నంబర్ ఎక్కడ ఉంటుందో చూపించడానికి అది చాలు.

ఇంకొకటి. ఊళ్లో పేర్లూ వెబ్‌సైట్లూ మారిపోయాయి. 2024లో తెలంగాణకి పొట్టి పేరుగా టీఎస్ పోయి టీజీ వచ్చింది, కరెంటోళ్ల టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ టీజీఎస్‌పీడీసీఎల్ అయింది. మీ కరెంటు టాపిక్‌లో అంతకుముందు పెట్టిన లింకులు ఒకసారి నొక్కి చూడండి. 2025లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి బదులు భూభారతి వచ్చింది. ధరణి టాపిక్‌ని నేనైతే తెరవను. చట్టమే మారినప్పుడు పాత జవాబుల కింద కొత్త ప్రశ్న వేస్తే చదివేవాళ్లు తికమకపడతారు. అది మూసే ఉంచి, ఆఖర్లో ‘ఇక భూభారతి టాపిక్ చూడండి’ అని లింకు పెట్టాం.

జవాబు: అపార్ట్‌మెంట్ అడ్మిన్, కూకట్‌పల్లి

మల్కాజిగిరి మేడం చెప్పింది చదివాక మా వాట్సాప్‌లో ఆధార్ అని సెర్చ్ చేసి చూశాను. ఎంతమందివి ఉన్నాయో చెప్పను. వాట్సాప్‌లో అవతలివాళ్ల పాత మెసేజ్‌లు అందరి ఫోన్లలో తీసేయడానికి రెండు రోజులు దాటితే కుదరదు కూడా. ఏం చేయాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

పాతవి మీ చేతిలో లేవన్నా. కొత్తవాళ్లకి సాధారణంగా కనపడకపోవడం ఒక్కటే మీకు కలిసొచ్చేది. ఇకనుంచి ఎవరైనా కాగితం పెడితే వెంటనే అడ్మిన్‌గా తీసేయండి.

అడిగినవారు: బోడుప్పల్

రేపు సాయంత్రం కమిటీ కూర్చుంటోంది. ముందు ఎల్‌ఆర్‌ఎస్, నల్లా బిల్లు, ఇంటి పన్ను ఈ మూడూ కాగితాలు ఏరేసి తెరుస్తాం. పార్కింగ్ తెరవం. ఎల్‌ఆర్‌ఎస్ పిన్ ఇలా రాశాను, చూసి దిద్దండి:

‘ఈ టాపిక్ తెరిచే ఉంటుంది. 2020లో 1000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టినవాళ్ల కోసం. గడువు, రాయితీ ప్రభుత్వం ఎప్పటికప్పుడు మారుస్తోంది, పాత మెసేజ్‌లలో ఉన్న తేదీ చూసి డబ్బు కట్టకండి. కొత్త సమాచారం తెలిస్తే జీవో లేదా అధికారిక ప్రకటన కాపీ జతచేసి ఇక్కడే రాయండి. ఆధార్, దస్తావేజు ఫొటోలు పెట్టొద్దు.’

జవాబు: మాజీ కార్యదర్శి, ఉప్పల్

బాగుంది. మొదటి లైనులో తేదీ వేయడం మర్చిపోయారు, అది వేయండి. ‘ధన్యవాదాలు చెప్పాలంటే మెసేజ్ రాయకుండా బొటనవేలు గుర్తు నొక్కండి’ అని కూడా చేర్చండి. దానికి టాపిక్ పైకి లేవదు, మీ వీధిలో డ్రమ్ములూ నిండవు.