లాటరీలో వచ్చిన డబుల్ బెడ్‌రూం ఇల్లు అద్దెకు ఇస్తున్నారు, తీసుకుంటే తప్పా?

పటాన్‌చెరు_షిఫ్ట్:
అందరికీ నమస్తే. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో పని, ఓటీ కలుపుకుని నెలకు 19 వేలు చేతికొస్తాయి. భార్య, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు బీరంగూడలో మేడ మీద రేకుల గదిలో ఉంటున్నాం, బాత్రూం పక్క పోర్షన్ వాళ్లతో కలిపి. అద్దె 6,500, నీళ్లకు 300, కరెంటుకు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు. వచ్చే నెల నుంచి 7,500 ఇవ్వకపోతే ఖాళీ చేయమన్నారు. టూలెట్ బోర్డు చూసి ఎక్కడ ఫోన్ చేసినా ముందు "మీరేవాళ్లు?" అంటారు, తర్వాత "పిల్లలెంతమంది?" అంటారు, ఆ రెండూ దాటితే రెండు నెలల అడ్వాన్స్.

ఇంతలో తెలిసినాయన ఒకాయన కొల్లూరు వైపు సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు 5,000కి ఇప్పిస్తానన్నాడు. లాటరీలో వచ్చినవాళ్లు అంబర్‌పేటలో ఉంటారట, ఇటు రాలేరట. రెండు గదులు, హాలు, వంటిల్లు, సొంత బాత్రూం. మా ఆవిడ వెళ్లి చూసొచ్చినప్పటి నుంచి ఇంట్లో అదే మాట. కానీ అగ్రిమెంట్ రాయరట, డబ్బు చేతికే ఇవ్వాలట, ఎవరైనా తనిఖీకి వస్తే "మేం వాళ్ల చుట్టాలం" అని చెప్పాలట. ఈ ఇళ్లు అద్దెకివ్వకూడదని రూలుంది కదా. తీసుకోవచ్చా? అసలు తప్పెవరిది?

లైన్లో_ఉన్నవాడు:
తప్పే అన్నా, కోపం తెచ్చుకోకండి. నేనూ అప్లై చేశా, లాటరీలో పేరు రాలేదు, ఇప్పటికీ జగద్గిరిగుట్టలో సింగిల్ రూంలో నలుగురం. గ్రేటర్‌లో లక్ష ఇళ్లు కడతామన్నారు, అప్లికేషన్లు దానికి ఎన్నో రెట్లు వచ్చాయి. ఇల్లు వచ్చినవాళ్లు తాళమేసో, అద్దెకిచ్చో కూర్చున్నారంటే వాళ్లకు అవసరం లేదని వాళ్లే చెప్తున్నట్టు. రద్దు చేసి లైన్లో ఉన్నవాళ్లకు ఇవ్వాలి. మీరు 5,000 ఇచ్చి తీసుకుంటే ఆ దందా నడవడానికి మీరే డబ్బు కట్టినట్టు.

అంబర్‌పేట్_అక్క:
నువ్వు చెప్పే ఆ దందా మనిషిని నేనే తమ్ముడూ. నాకూ వచ్చింది ఇల్లు, ఏ కాలనీలోనో చెప్పను, మా బస్తీకి ఊరి ఆ కొసన. సంతోషంగానే వెళ్లాం, పాలు పొంగించాం, కొన్నాళ్లు ఉన్నాం కూడా. నేను నాలుగిళ్లలో పని చేస్తా, పొద్దున ఆరింటికి మొదటి ఇంట్లో ఉండాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సు ఫ్రీనే, నిజమే, కానీ ఆ టైముకు బస్సు ఉండాలి కదా. మా ఆయన ఆటో అక్కడ ఎవరెక్కుతారు? పిల్లోడి స్కూలు ఇక్కడ. రోజూ నాలుగు గంటలు దారిలోనే పోతుంటే రెండిళ్ల పని పోయింది, అప్పుడు తిరిగొచ్చాం.

ఇప్పుడు అక్కడి ఇంటికి 4,500 వస్తుంది, ఇక్కడ గదికి 6,000 కడుతున్నా. ఓ చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇంకా ఎక్కువే ఇస్తున్నా, దీంట్లో నేను బాగుపడిందేంటి చెప్పు? ఇల్లు ఎక్కడ కావాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

లైన్లో_ఉన్నవాడు:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఉండలేనప్పుడు తిరిగి ఇచ్చేయొచ్చు కదా? మీకు అద్దె మీద 1,500 తేడా, నాకు మొత్తం అద్దె.

అంబర్‌పేట్_అక్క:
తిరిగిచ్చేస్తే మళ్లీ నా జన్మలో వస్తుందా? ముసలితనంలో పని చేయలేనప్పుడు అక్కడికే పోతా. నా పేరు మీద ఉన్నది ఆ ఒక్కటే.

ఎక్సెల్_బాబాయ్:
ఇద్దరూ ఒకరినొకరు దొంగలంటే లాభం లేదు, లెక్క చూడండి. కొల్లూరునే తీసుకుందాం. 2023 జూన్‌లో ప్రారంభించారు. సుమారు 145 ఎకరాలు, 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఖర్చు 1,489 కోట్లు, భాగిస్తే ఇంటికి తొమ్మిదిన్నర లక్షలు పడింది. కట్టడం వరకు మంచి పనే. కానీ చేతి పనులతో బతికే బస్తీ వాళ్లను ఊరి మధ్య నుంచి ఔటర్ రింగ్ రోడ్ దగ్గరికి పంపారు. అదే ఔటర్ పక్కన తెల్లాపూర్, కోకాపేటలో అపార్టుమెంట్లు కడుతున్న కూలీలు, ఆ అపార్టుమెంట్లలో పని చేసే ఆడవాళ్లు, పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల వాళ్లు రేకుల గదులకు ఏడు వేలు కడుతున్నారు. ఇల్లు ఉన్నవాళ్లకు అక్కడ పని లేదు, పని ఉన్నవాళ్లకు అక్కడ ఇల్లు లేదు. మీరు దందా అంటున్నది ఈ ఇద్దరూ తమలో తాము సర్దుకోవడమే. ఎవరికీ చెప్పకుండా చేయాల్సి రావడం వల్ల దొంగతనంలా కనిపిస్తోంది.

నేనైతే అద్దెను నిషేధించే బదులు రిజిస్టర్ చేయమంటా. ఇల్లు వచ్చినవాళ్లు ఉండలేకపోతే హౌసింగ్ వాళ్లకు అప్పగించాలి, వాళ్లే దగ్గరలో పని చేసే కుటుంబానికి కట్టడి అద్దెకు ఇవ్వాలి, అందులో కొంత అలాటీకి (అంటే ఇల్లు వచ్చినవాళ్లకు), కొంత లిఫ్టులకు, మోటార్లకు. ఇదేం వింత ఆలోచన కాదు. 2020 జూలైలో కేంద్రం తెచ్చిన అద్దె ఇళ్ల పథకంలో ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లను 25 ఏళ్లు అద్దెకు నడపడం ఒక పద్ధతి. చండీగఢ్, సూరత్‌లలో అలా ఇచ్చారు. మనవాళ్లు మాత్రం అద్దె అంటే సొంత ఇల్లు రాకముందు పడే తిప్పలుగానే చూస్తారు, ఓట్లు కూడా "సొంతిల్లు" అన్న మాటకే పడతాయి.

లైన్లో_ఉన్నవాడు:
బాబాయ్, కాగితం మీద బాగుంది. అద్దెకివ్వొచ్చు అన్న మరుక్షణం ఏమవుతుందో తెలుసా? ఉండాలని లేనివాళ్లు కూడా అద్దె కోసమే అప్లై చేస్తారు. ఒక్కో బ్రోకరు ఫ్లోరుకు ఫ్లోరు చేతిలో పెట్టుకుంటాడు. ఇప్పుడే ఈ అన్నకు ఇల్లు చూపించింది ఓనరా, మధ్యవర్తా? అంతకుముందు సర్కారు కట్టిన గృహకల్ప ఇళ్లల్లో ఇదే కదా జరిగింది.

గృహకల్ప_పిల్లాడు:
గృహకల్ప మాట వచ్చింది కాబట్టి. నేను రాజీవ్ గృహకల్పలో అద్దె ఇంట్లోనే పెరిగా, పదో తరగతి దాకా. మా బ్లాకులో చాలామంది అద్దెవాళ్లే. ఆ ఇల్లు అద్దెకు దొరక్కపోతే మా నాన్న మమ్మల్ని ఊరికి పంపేసేవాడు, నా చదువు అక్కడే ఆగేది. అందుకని అద్దెకివ్వడం పాపం అని నాతో అనకండి.

కానీ లైన్లో ఉన్న అన్న చెప్పినదాంట్లో ఒకటి నిజం. పైకప్పు కారితే, డ్రైనేజీ పొంగితే ఎవరిని అడగాలో తెలిసేది కాదు. ఓనరు ఎక్కడో ఉంటాడు, సర్కారు ఇల్లిచ్చి చేతులు దులుపుకుంది, మేమేమో రికార్డుల్లోనే లేం. మోటార్ కాలిపోతే తలా ఇంత వేసుకోవడానికి గొడవ, "అద్దెవాళ్లం మాకెందుకు" అని సగం మంది, "మేం ఇక్కడ ఉండం కదా" అని ఓనర్లు. నాలుగంతస్తులకే అలా ఉంటే ఇప్పుడు తొమ్మిది, పది అంతస్తులు, లిఫ్టులు. అద్దెవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా ఆ బిల్డింగులు ఎలా నిలబడతాయో చూడాలి.

బెజవాడ_నుంచి:
మా దగ్గర ఆంధ్రాలో సర్కారు కట్టిన టిడ్కో ఇళ్లకూ ఇదే కథ. 300, 365, 430 అడుగుల ఫ్లాట్లు, ఊరికి దూరం. బెజవాడలో బీసెంట్ రోడ్డులో తోపుడు బండి పెట్టుకునే మనిషిని జక్కంపూడిలో ఉండమంటే రాత్రి పదింటికి బండి ఎక్కడ పెడతాడు? ఇల్లు ఇచ్చేముందు బతుకుతెరువు ఎక్కడో అడగరు, అంతే.

లా_చదువుతున్నా:
తప్పొప్పులు పక్కన పెట్టి, మొదట అడిగిన అన్నకు పనికొచ్చేది చెప్తా.

మామూలు ఇంట్లో అద్దెకున్నా మనకు రక్షణ తక్కువే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కానీ 2005 సవరణ తర్వాత నగరాల్లో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. ఇప్పుడు 3,500కి హైదరాబాద్‌లో ఏం దొరుకుతుందో మీకే తెలుసు. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా చట్టంలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలు దాటకూడదని ఉంది, అయితే రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది పనికొస్తుంది.

మీ కేసులో ఇంకా బలహీనం. అలాట్‌మెంట్ రద్దయితే ఓనరుతో పాటు మీరూ బయటికి రావాలి, ఇచ్చిన అడ్వాన్స్ కోసం ఎవరి మీద పోరాడతారు? తీసుకునేపనైతే ఒక నెలకు మించి అడ్వాన్స్ ఇవ్వకండి. చేతికి కాకుండా ఫోన్‌పేలో వేయండి, కనీసం మీ డబ్బుకు ఆనవాలు ఉంటుంది. మధ్యవర్తిని దాటి అలాటీతో నేరుగా మాట్లాడండి, ఎందుకంటే నిజంగా వాళ్లేనో కాదో కూడా మీకు తెలీదు. "చుట్టాలం" అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పిల్లల స్కూలుకు, గ్యాస్‌కు అడ్రస్ ప్రూఫ్ దొరకదని ముందే అనుకోండి.

అంబర్‌పేట్_అక్క:
కరెంటు సంగతి కూడా అడుగు తమ్ముడూ. 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది, అయినా కరెంటుకని నెలకు 500 వసూలు చేసేవాళ్లున్నారు. నేను తీసుకోను, ముందే చెప్తున్నా.

లైన్లో_ఉన్నవాడు:
😀 సరే అక్కా, మీ మీద నాకేం లేదు. కానీ నా మాట నాదే. అద్దెకివ్వాలనుకుంటే అది సర్కారు చేతుల మీదుగా జరగాలి, లేదంటే రద్దు. మధ్యలో ఈ చాటుమాటు బేరాలకు నేను ఒప్పుకోను.

ఎక్సెల్_బాబాయ్:
నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే కదయ్యా. నువ్వు రద్దు దగ్గర మొదలుపెడతావు, నేను రిజిస్టర్ దగ్గర.

పటాన్‌చెరు_షిఫ్ట్:
అందరికీ థ్యాంక్స్. లా చదివే తమ్ముడు చెప్పినట్టు ఇంటివాళ్ల నంబరు అడిగితే మధ్యవర్తి ఇవ్వనన్నాడు, "నమ్మకం లేకపోతే వదిలేయండి, వెనక పదిమంది ఉన్నారు" అన్నాడు. పైగా మూడు నెలల అడ్వాన్స్ అంటున్నాడు ఇప్పుడు. అంత డబ్బు ఆనవాలు లేకుండా ఇవ్వలేను, వదిలేస్తున్నా. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్. అద్దె తప్పని నాకైతే అనిపించట్లేదు, ఇంటివాళ్లు నేరుగా మాట్లాడి ఉంటే తీసుకునేవాణ్ణే. అమీన్‌పూర్, చందానగర్ వైపు 7,000 లోపు, ఇద్దరు పిల్లలున్నా సరేననే ఇల్లు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పదో తారీకు లోపు చూసుకోవాలి.

గృహకల్ప_పిల్లాడు:
చందానగర్ పాపిరెడ్డి కాలనీ గల్లీల్లో ఆదివారం పొద్దున తిరగండి అన్నా, ఆన్‌లైన్‌లో పెట్టరు, గేటు మీద చాక్‌పీస్‌తో రాస్తారు. కిరాణా కొట్లలో అడగండి, ఎవరు ఖాళీ చేస్తున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. మోటార్ ఎన్ని గంటలకు వేస్తారో మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే కనుక్కోండి.