వానలో పిల్లల్ని ఆటకు పంపాలా, లోపలే ఉంచాలా?

బోథెల్ అమ్మ

సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. పాపకు నాలుగేళ్ళు. నవంబరు నుంచి ఇక్కడ ఒకటే ముసురు, పగలు కూడా 7, 8 డిగ్రీలే. అయినా ప్రీస్కూల్ వాళ్ళు చినుకుల్లోనే పిల్లల్ని బయట ఆడిస్తారు. భీమవరం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు లోపల నూలు బనీను, దాని మీద రెండు స్వెటర్లు, ఆపైన లావు జాకెట్, మంకీ క్యాప్ వేసి పంపుతున్నారు. నిన్న సాయంత్రం విప్పి చూస్తే బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. వీపు చల్లగా అయిపోయింది. జాకెట్ మాత్రం పెద్దగా తడవలేదు. "వాన రోజుల్లో లోపలే కూర్చోబెట్టమని చెప్పమ్మా" అంటున్నారు అత్తయ్య. మా ఆయన ఆడనివ్వమంటారు. మీరైతే ఏం చేస్తారు?

రెంటన్ నాన్న

అత్తయ్యగారి మాటే నాది. మా బాబుకు ఆయాసం ఉంది, చల్లగాలి తగిలితే పిల్లికూతలు మొదలు. కిందటి డిసెంబరులో రెండుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాం. డాక్టర్ కాగితం రాసిచ్చాక చలి ఎక్కువున్న రోజు లోపలే ఉంచుతున్నారు. ఇక్కడి పిల్లలకు ఇది అలవాటు, మన పిల్లలకు కాదు.

ఇద్దరు మగపిల్లల తల్లి

ఆయాసం ఉన్న బిడ్డ సంగతి వేరండి, అక్కడ డాక్టర్ మాటే మాట. కానీ "మన పిల్లలకు అలవాటు లేదు" అంటే నేను ఒప్పుకోను. బయటికి పంపకుండా అలవాటు ఎలా అవుతుంది?

బోథెల్ అమ్మగారూ, జాకెట్ తడవలేదన్నారు. మరి బనీను దేనికి తడిసింది? అది చెమట. అన్ని బట్టల్లో పరుగెత్తితే ఒళ్ళు ఉడికిపోతుంది. నూలు ఆ చెమటంతా పీల్చుకుని వంటికి అంటుకుంటుంది, ఆట ఆగాక ఒంట్లో వేడి లాగేస్తుంది. మన ఊళ్ళో వేసవిలో నూలు హాయిగా ఉండేది ఇందుకే.

మా వాళ్ళకు వేసేవి మూడే. వంటికి ఆనుకుని పల్చటి ఉన్ని చొక్కా గానీ పాలిస్టర్ థర్మల్ గానీ, మధ్యలో ఒక ఫ్లీస్ (మెత్తటి నూగున్న పాలిస్టర్ స్వెటర్), పైన నీళ్ళు దిగని రెయిన్ సూట్. ఉన్ని తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. ఫ్లీస్ నీళ్ళు పెద్దగా పీల్చదు. రెయిన్ ప్యాంటు అంచు బూటు మీదికి రావాలి. లోపలికి దోపితే కారిన నీళ్ళన్నీ సాక్స్‌లోకే. రెండు జతల సాక్స్ కుక్కి బూటు బిగించొద్దు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పాప చేతులు చల్లగా ఉన్నాయని హడలిపోకుండా మెడ వెనక వేలు పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే చాలు. చెమట తగిలితే ఒకటి విప్పేయండి. బ్యాగులో ఒక జత పొడిబట్టలు ఎప్పుడూ ఉండాలి.

అన్నట్టు, ఆ లావు జాకెట్‌తో కార్ సీట్లో కట్టొద్దండి, దండం పెడతాను. కారు గుద్దుకుంటే జాకెట్ అణిగిపోయి బెల్టు వదులవుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా వద్దనే చెబుతుంది. బెల్టు బిగించాక జాకెట్ తిరగేసి ముందు నుంచి కప్పండి.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. తలంటి పోశాక జుట్టు ఆరకుండా ఆవిడ పాపను వదులుతారా? సాంబ్రాణి పొగ వేసైనా ఆరబెడతారు. ఒంటి తడీ అలాంటిదేనని చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.

రెంటన్ నాన్న

చెమట మాట నిజమే, నాకు తట్టలేదు. కానీ ఉన్ని చొక్కాల ధర చూశారా? ఆరు నెలలకు పొట్టయిపోతాయి. పైగా తడిస్తే జలుబు ఖాయం కదా.

ఇద్దరు మగపిల్లల తల్లి

మావన్నీ సెకండ్ హ్యాండ్‌వే. ఉన్ని దొరక్కపోతే చవక థర్మల్ చాలు, నూలు కాకపోతే సరి. జలుబు తెచ్చేది వైరస్. తలుపులు మూసిన గదిలో ఇరవై మంది పిల్లలు దగ్గుతుంటే అదే ఎక్కువ అంటుకుంటుంది.

బాపట్ల కోడలు

మాకు రెయిన్ సూట్లు లేవు గానీ ఒకటి చెబుతాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. అప్పుడు మా బాబుకు నెలన్నర. కరెంటు లేదు, మూడు రోజులు ఒక్క గుడ్డ ఆరలేదు. పొయ్యి పక్కన తీగ కట్టి పొత్తిగుడ్డలు ఆరేసినా చెమ్మే. మా అమ్మ భయపడి ఆ చెమ్మగుడ్డలే ఒకదాని మీద ఒకటి చుట్టేసింది. బాబు పాదాలు చల్లగా అయిపోయాయి. ఆశా కార్యకర్త వచ్చి అవన్నీ విప్పించి, వాణ్ణి నా గుండెకు ఆనించి పైన ఒక్క పొడి చీర కప్పింది. కాసేపటికే పాదాలు వెచ్చబడ్డాయి. ఆ తర్వాత నేను బట్టలు లెక్కపెట్టడం మానేశాను, ముట్టుకుని చూస్తాను.

బోథెల్ అమ్మ

అందరికీ థాంక్స్. రాత్రి ఇవన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. బాపట్ల బాబు గురించి రెండుసార్లు చదివించుకున్నారు. పొద్దున తనే పాప మెడ వెనక వేలు పెట్టి చూసి ఒక స్వెటర్ విప్పేశారు. మంకీ క్యాప్ మాత్రం తీయనన్నారు, నేనూ పట్టుబట్టలేదు. శనివారం వెళ్ళి రెయిన్ సూట్, రెండు థర్మల్స్ కొంటాం. లోపల ఉంచమని స్కూల్‌కు రాయలేదు.