ఎర్రసముద్రం గొడవ: సీఐఎఫ్‌లో అమ్మిన మిర్చి ఆలస్యమైతే నష్టం ఎవరిది?

గుంటూరు_ఎగుమతి:
తేజ రకం మిర్చి, ఒక 40 అడుగుల కంటైనర్, చెన్నై నుంచి రోటర్‌డామ్‌కి సీఐఎఫ్ రేటు (సరుకు ధర, ఇన్సూరెన్సు, ఓడ కిరాయి కలిపి) మీద ఒప్పుకున్నాం. హూతీల దాడుల భయంతో ఓడ ఎర్రసముద్రం, సూయెజ్ దారిన పోకుండా ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్తుందట, రెండు వారాల దాకా అదనం. పాలసీలో వార్ క్లాజ్ (యుద్ధ నష్టాల కవర్) వేయించాం. లేటుకి క్లెయిమ్ వస్తుందా? కాల్పుల విరమణ అంటే పాత దారి తెరుచుకున్నట్టేనా? కొత్త ఆర్డరుకి ఏ రేటు చెప్పాలో తేలట్లేదు.

బెజవాడ_మెరైన్:
రాదండీ. ఐసీసీ (ఏ), అంటే సరుకు ఇన్సూరెన్సు ప్రామాణిక షరతుల్లో 4.5 క్లాజ్ చూడండి. ఆలస్యం వల్ల వచ్చిన నష్టానికి పైసా ఇవ్వరు, ఆ ఆలస్యానికి కారణం ఇన్సూర్ చేసిన ప్రమాదమే అయినా సరే. వార్ క్లాజ్‌లోనూ అదే మినహాయింపు. పైగా వార్ కవర్ సరుకు ఓడ మీద ఉన్నంతవరకే. చివరి రేవులో దించగానే, లేదా ఓడ చేరిన రోజు అర్ధరాత్రి నుంచి 15 రోజులకి, ఏది ముందైతే అప్పటితో సరి. ఓపెన్ పాలసీ (ఒక్కో లోడుకి విడిగా కాకుండా అన్నిటికీ కలిపి తీసుకునేది) అయితే ఇన్సూరెన్సు కంపెనీ 7 రోజుల నోటీసుతో వార్ కవర్ తీసేయొచ్చు. అప్పటికే కవర్ మొదలైన సరుకుకి అది తగలదు.

షిప్పింగ్ లైను మీద పడదామంటే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు లైను ఇచ్చే పత్రం) వెనక సన్న అక్షరాల్లో దారి మార్చుకునే హక్కు రాసుకునే ఉంటుంది.

సీఐఎఫ్‌లో రిస్కు చెన్నైలో సరుకు ఓడెక్కగానే కొన్నవాడిదైపోతుంది. కిరాయి మాత్రం మీదే, కాబట్టి సర్‌చార్జీ బిల్లూ మీకే వస్తుంది. ఈసీజీసీ (ఎగుమతిదారులకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ ఉంటే తీసి చూడండి. దేశం బయట ప్రయాణం ఆగినా, దారి మళ్లినా పడ్డ అదనపు కిరాయి, కొన్నవాడి నుంచి రాబట్టలేనిది, రాజకీయ రిస్కుల జాబితాలో ఉంటుంది. చాలామంది అడగరు, వాళ్లూ చెప్పరు.

కృష్ణలంక_పరిశీలకుడు:
రెండో ప్రశ్నకి. యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదార్లు సరుకు ఎవరిదో చూడరు, ఓడ ఎవరిదో చూస్తారు. 2024 మే నుంచి ఇజ్రాయెల్ రేవులకి ఓడలు పంపే కంపెనీ ఏదైనా, దాని మిగతా ఓడలు కూడా లక్ష్యమేనన్నారు. జెండా చూసుకుని ధైర్యం తెచ్చుకుంటే లాభం లేదు. 2025 జనవరిలో గాజా విరమణ రాగానే దాడులు ఆగాయి. కానీ జూలైలో మళ్లీ దాడులు, ‘మ్యాజిక్ సీస్’, ‘ఎటర్నిటీ సి’ అనే రెండు ఓడలు వారం తిరక్కుండా మునిగాయి. రెండూ లైబీరియా జెండావే, నడిపింది గ్రీకు కంపెనీలు.

అందుకే విరమణ వార్త చూసి షిప్పింగ్ లైన్లు వెంటనే పాత దారికి తిరగవు. ఉద్రిక్తత ముదిరినప్పుడు యుద్ధ ప్రీమియం ఒక్క ప్రయాణానికి ఓడ విలువలో 1 శాతం దాకా పోయింది. 10 కోట్ల డాలర్ల ఓడకి 10 లక్షల డాలర్లు. నౌకాదళాల కాపలా ఉన్నా ఆ లెక్క పెద్దగా తగ్గలేదు. మన ఐఎన్ఎస్ విశాఖపట్నం 2024 జనవరిలో ‘మార్లిన్ లువాండా’ ట్యాంకరు మంటలార్పడానికి సాయం చేసింది గానీ, అది దాడి జరిగాక మాట. లండన్ జాయింట్ వార్ కమిటీ (అక్కడి ఓడల ఇన్సూరెన్సు వాళ్ల సంఘం) ప్రమాద ప్రాంతాల జాబితా, ప్రీమియం రేటు, ఈ రెండూ చూస్తూ ఉండండి, టీవీ చర్చలు కాదు.

గుంటూరు_ఎగుమతి:
మరి కొత్త ఆర్డరు సంగతి?

బెజవాడ_మెరైన్:
కుదిరితే ఎఫ్‌సీఏ చెన్నై రేటు (చెన్నైలో కొన్నవాడి రవాణాదారుకి సరుకు అప్పగించేవరకే) చెప్పండి, కిరాయి గొడవ కొన్నవాళ్లది. సీఐఎఫ్ తప్పదంటే, కొటేషన్ తేదీ తర్వాత పడే యుద్ధ, మళ్లింపు సర్‌చార్జీలు కొన్నవాడి ఖాతా అని ఒప్పందంలోనే రాయించండి. ఈమెయిల్లో అనుకున్నది చాలదు. ఎల్‌సీలో (డబ్బు చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రంలో) ‘లేటెస్ట్ షిప్‌మెంట్’, అంటే సరుకు ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ, బిగుతుగా ఒప్పుకోకండి. ఓడ షెడ్యూలు జారితే ఆన్‌బోర్డ్ తేదీ దాటుతుంది, బ్యాంకు డిస్క్రిపెన్సీ (పత్రాల్లో తేడా ఉందన్న అభ్యంతరం) పెడుతుంది.

టిక్కీ_గ్రేడర్:
ఒకటి మర్చిపోయారు సార్. రెండు వారాలు ఎక్కువ తిరిగితే కంటైనర్ లోపల చెమట పడుతుంది, వేడి నుంచి చలికి పోతుంది కదా. తేమ 10 శాతం దాటిన కాయ ఎక్కించొద్దు. తాలు (రంగు పోయిన, పాడైన కాయ) ఏరించండి, గోడలకి క్రాఫ్ట్ పేపరు, పైన తేమ పీల్చే సంచులు వేయించండి, తడి చెక్క ప్యాలెట్లు వద్దు. యూరప్‌లో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 పరిమితి కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లాటాక్సిన్లూ కలిపి 10. బూజు పట్టి అక్కడ తిప్పి పంపితే ఇన్సూరెన్సు వాళ్లు ‘సరుకు స్వభావం’, ‘ప్యాకింగ్ లోపం’ అని చేతులు దులుపుకుంటారు. లోడింగ్ రోజు తేమ రిపోర్టు, ఫోటోలు దాచుకోండి.