ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) గోధుమరంగుకి తిరిగింది, 60-70లో సన్నగా అదురు: ఇప్పుడు మార్చొచ్చా?

నట్టుబోల్టు:
ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ కారు. 85,000 కి.మీ. తిరిగింది, ఏటీఎఫ్ ఒక్కసారీ మార్చలేదు. సర్వీస్ పట్టికలో దాని ఊసే లేదు. డిప్‌స్టిక్ కూడా లేదు, ప్యాన్ (గేర్‌బాక్స్ కింది ఆయిల్ తొట్టి) అడుగున లెవెల్ ప్లగ్ ఒక్కటే. ఇంజిన్ ఆపి ఆ ప్లగ్ తీస్తే నాలుగు చుక్కలు పడ్డాయి. ముదురు గోధుమరంగు, మాడు వాసన మాత్రం లేదు. గేర్లు బాగానే పడుతున్నాయి. 60-70 వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించినప్పుడు మాత్రం సన్నగా అదురుతుంది. ఒక మెకానిక్ మెషీన్ పెట్టి ఫ్లష్ చేద్దామంటున్నారు, అంటే పాత ఆయిల్ మొత్తం తోసేసి కొత్తది నింపడం. ఇంకొకరు ఇన్ని కిలోమీటర్లయ్యాక ముట్టుకుంటే బాక్స్ పోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆయిల్‌చేతులు:
రంగు సంగతి పక్కన పెట్టండి. కొత్త ఏటీఎఫ్ ఎరుపు అనేది కలిపిన డై మాత్రమే. లీకైనప్పుడు ఇంజిన్ ఆయిల్ కాదని పోల్చుకోవడానికి పనికొస్తుంది. వేడికి ముందు వెలిసిపోయేది ఆ డైయే, కాబట్టి ఆయిల్ ఇంకా పనిచేస్తున్నా గోధుమరంగుకి తిరుగుతుంది. జడ్‌ఎఫ్ అనే గేర్‌బాక్సుల కంపెనీ ఎనిమిది గేర్ల బాక్సులకు వాడే లైఫ్‌గార్డ్ 8 అయితే డబ్బాలోనే ఆకుపచ్చగా ఉంటుంది.

చూడాల్సినవి వేరే. మొదటిది వాసన: మాడు వాసన వస్తే క్లచ్ లైనింగ్ కాలుతున్నట్టు. రెండోది కాగితం పరీక్ష. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేసి అరగంట వదిలేయండి. మంచి ఆయిల్ పలచగా, దూరంగా పాకుతుంది. ఆక్సిడైజ్ అయినది మధ్యలో నల్లటి చుక్కగా నిలిచిపోయి, చుట్టూ కొద్దిగానే పాకుతుంది. మూడోది నలుసులు: రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగర తగలకూడదు.

పాలు కలిపిన గులాబీ రంగులో ఉంటే మాత్రం బండి స్టార్ట్ కూడా చేయకండి. రేడియేటర్‌లోని ఏటీఎఫ్ కూలర్ పగిలి కూలెంట్ కలిసిందని అర్థం. నీళ్లు, గ్లైకాల్ కలిసి క్లచ్ ప్లేట్ల లైనింగ్‌ని పట్టి ఉంచే జిగురుని వదులు చేస్తాయి. అక్కడ ఆయిల్ మార్పు ఒక్కటే సరిపోదు.

మీ అదురు లాకప్ క్లచ్‌దిలా ఉంది, అంటే వేగంలో ఇంజిన్‌ని, గేర్‌బాక్స్‌ని నేరుగా కలిపి ఉంచే కన్వర్టర్‌లోని క్లచ్. ఖాళీ రోడ్డు మీద అదురు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ కదపకుండా, బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రమే బ్రేక్ తాకించండి. లాకప్ విడిపోయి అదురు ఠక్కున ఆగితే అదే. ఆయిల్‌లోని ఫ్రిక్షన్ మాడిఫయర్ (క్లచ్ పట్టు నున్నగా ఉండటానికి కలిపే మందు) అయిపోయినప్పుడు ఇలా వస్తుంది, చాలాసార్లు ఆయిల్ మారిస్తే పోతుంది. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్, మౌంటింగ్‌లు చూడండి.

స్టాండ్‌పైప్:
అందరూ రంగు దగ్గరే ఆగారు. నాకు అసలు అనుమానం ఆ "నాలుగు చుక్కల" మీద.

ఇంజిన్ ఆగితే కన్వర్టర్ నుంచి, పై భాగాల నుంచి ఆయిల్ ప్యాన్‌లోకి దిగి లెవెల్ పెరుగుతుంది. అప్పుడు ప్లగ్ తీస్తే ధారగా కారాలి. నాలుగు చుక్కలే పడ్డాయంటే ఆయిల్ తక్కువగా ఉంది. పైగా ఆ చుక్కలు ప్లగ్ పైన ఉండే లెవెల్ పైపులో నిలిచిపోయినవి కావచ్చు, వాటి రంగుని బట్టి లోపలి ఆయిల్‌ని అంచనా వేయలేం. ఏటీఎఫ్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారింది, లేదా ఫ్యాక్టరీ తర్వాత ఎవరో ప్లగ్ విప్పి వదిలేశారు. ప్యాన్ గ్యాస్కెట్, యాక్సిల్ సీళ్లు, కూలర్ పైపుల క్లిప్పులు, ముందు కన్వర్టర్ హౌసింగ్ అడుగు, అన్నీ తుడిచి, ఓ రోజు తిప్పి మళ్లీ చూడండి. లెవెల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్‌లు జారి కాలిపోతాయి. లీకు తేలేదాకా ఎక్కువ దూరాలు వద్దు.

"ముట్టుకుంటే పోతుంది" అనే మాట పుట్టింది వేరే చోట. బాక్స్ జారడం మొదలయ్యాక, అరిగిన క్లచ్‌ల మీద కొత్త ఆయిల్ పోస్తారు. రెండు వారాల్లో పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీది జారడం లేదు, మార్చండి. జడ్‌ఎఫ్ తన బాక్సులకు 80,000-120,000 కి.మీ. లేదా 8 ఏళ్లు అంటుంది. కొండలు, ట్రైలర్, ఎప్పుడూ ట్రాఫిక్ అయితే 60,000 దగ్గరే మార్చడం నయం.

నట్టుబోల్టు:
బ్రేక్ తాకిస్తే అదురు ఆగిపోయింది. ప్యాన్ అంచు తడిగా ఉంది, మిగతావి పొడిగానే ఉన్నాయి. ఎంత ఆయిల్ కొనాలి? ఫ్లష్ మెషీన్ వద్దా?

స్టాండ్‌పైప్:
అయితే ప్యాన్ దించాల్సిందే. గ్యాస్కెట్, ఫిల్టర్, డ్రెయిన్ వాషర్ ముందే తెచ్చుకోండి. కొన్ని బాక్సుల్లో ఫిల్టర్ ప్యాన్‌తో కలిసే వస్తుంది.

ఆయిల్ పోసే ఫిల్ ప్లగ్ ముందు విప్పండి. అది బిగుసుకుపోయిందని ఆయిల్ తీసేశాక తెలిస్తే బండి కదలదు. తర్వాత డ్రెయిన్. 7 లీటర్ల బాక్స్ అనుకుంటే ప్యాన్ నుంచి 3.5 దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటుంది. ఒకసారి మారిస్తే 50 శాతం కొత్తది, రెండోసారికి 75, మూడోసారికి 87.5. మూడోదానికి ఇంకో 3.5 లీటర్లు పోసి దక్కేది 12.5 శాతమే కాబట్టి నేను రెండుతో ఆపమంటాను. రెండిటి మధ్య కొన్ని వందల కి.మీ. తిప్పితే పాతది కొత్తది కలుస్తాయి. చెరో 3.5 చొప్పున 7 లీటర్లు, మీకు లెవెల్ తగ్గి ఉంది కాబట్టి 1 లీటరు అదనంగా కొనండి. ఎంత దిగిందో అంతే పోయడం మీ కేసులో కుదరదు, ఉష్ణోగ్రత చూసే లెవెల్ పెట్టాలి. డబ్బా మీద బ్రాండ్ కాదు, మాన్యువల్లోని స్పెసిఫికేషన్ కోడ్ చూసి కొనండి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ దీంట్లో పోయకూడదు.

ప్యాన్ బోల్టులు ఎదురెదురుగా బిగించండి. టార్క్ మాన్యువల్ చూడాలి, చాలా బాక్సుల్లో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అల్యూమినియం మరలు తేలిగ్గా లేచిపోతాయి.

ఆయిల్‌చేతులు:
ప్యాన్‌లో అయస్కాంతాలు చూడటం మరిచిపోకండి, ఆయిల్ కంటే ఎక్కువ చెప్పేది అవే. మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలే. అందులో సూదుల్లాంటి ఇనుప ముక్కలుంటే బేరింగో గేరో అరిగిపోతోంది. అయస్కాంతానికి అంటుకోని పసుపు తళుకు బుష్‌లది. అడుగున టీపొడి లాంటి నల్ల నలుసులు క్లచ్ లైనింగ్. ఇలాంటివి కనిపిస్తే ఫోటో తీసి పెట్టండి, రెండో డ్రెయిన్ సంగతి తర్వాత.

మెషీన్ అన్నీ ఒకటి కాదు. కూలర్ పైపు మధ్యలో పెట్టి, బాక్స్ సొంత పంపుతోనే పాతది తోసి కొత్తది నింపేది పర్వాలేదు, కానీ దానితో ఫిల్టర్, అయస్కాంతాలు బాగుపడవు. బయటి ప్రెషర్‌తో తోసేది వద్దు. అడుగున కూర్చున్న మురికి లేచి వాల్వ్ బాడీ (ఆయిల్ ప్రెషర్‌ని క్లచ్‌లకు పంచే భాగం) సందుల్లో ఇరుక్కుంటుంది.

నట్టుబోల్టు:
లెవెల్ పెట్టడం ఎలా? స్కానర్ ఉంది.

స్టాండ్‌పైప్:
బండి నాలుగు వైపులా సమంగా లేవాలి. ముందు జాకీ మాత్రం పెడితే లెక్క తప్పుతుంది. చల్లటి బాక్స్‌లో లెవెల్ ప్లగ్ నుంచి కారేదాకా పంపుతో పోసి ప్లగ్ మూయండి. స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కే ఉంచి, లివర్‌ని ప్రతి స్థానంలో నాలుగైదు సెకన్లు ఆపుతూ తిప్పి పార్క్‌కి తెండి. మళ్లీ అర లీటరు పోయండి. స్కానర్‌లో ఏటీఎఫ్ ఉష్ణోగ్రత చూస్తూ, ఇంజిన్ ఆపకుండానే, మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర ప్లగ్ విప్పండి. చాలా బాక్సులకు అది 35-45 డిగ్రీల మధ్య ఉంటుంది. ధార సన్నబడి చుక్కలవగానే కొత్త వాషర్‌తో మూసేయండి. అసలేమీ కారకపోతే ఇంకా పోయాలి. 60 దాటాక విప్పితే ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, చల్లారాక లెవెల్ తక్కువవుతుంది. అలా వేడెక్కిపోతే ఆపి, చల్లార్చి, మళ్లీ మొదటి నుంచి చేయండి.