లిఫ్ట్ చేసిన (ఎత్తు పెంచిన) వి-క్రాస్ పికప్ అమ్మాలంటే స్టాక్‌కి (కంపెనీ ఇచ్చిన రూపానికి) తిప్పాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా?

చిత్రావతి_ఇసుక (అనంతపురం)
ఇసుజు వి-క్రాస్ 2.5, 2016 మోడల్, ఏపీ 02 నంబరు, ఆర్సీ 2031 దాకా ఉండాది. ముందర కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) మార్చి 2 అంగుళాలు లేపినా. కంపెనీ టైర్లు 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 ఏటీలు (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు) ఎక్కించినా. స్టీల్ బంపర్, వించీ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు), స్నార్కెల్ (ఇంజన్‌కి ఎత్తు నుంచి గాలి తీసే గొట్టం), తొట్టి మీద కెనోపీ (కప్పు). తీసిన కంపెనీ సామానంతా షెడ్డులో భద్రంగానే ఉండాది. ఇప్పుడు రెండు బేరాలు. ధర్మవరం పక్క చీనీ (బత్తాయి) రైతు అన్నీ పీకేసి కంపెనీ బండి మాదిరి ఇమ్మంటాడు. బెంగళూరు పిల్లోడొకడు ఉన్నదున్నట్టే కావాలంటాడు, రేటు కూడా వాడిదే ఎక్కువ. ఏది చేయమంటారు?

ఆర్సీబుక్కు (కర్నూలు)
స్టాక్‌కి తిప్పి అమ్ము. ఇందులో చర్చేముంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణతో 182ఎ(4) వచ్చింది: ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్టీల్ బంపర్లు తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నీ బండిలో ఎన్ని మార్పులున్నాయో నువ్వే లెక్కేసుకో.

ఇంకో మాట. 245/70 టైరు ఎత్తు 749 మిల్లీమీటర్లు, 265/70ది 777. తేడా 3.7 శాతం, ఒక్కో చుట్టుకీ బండి అంత ఎక్కువ దూరం పోతుంది. ఆ టైర్ల మీద మీటర్ 60,000 తిరిగితే బండి నిజంగా తిరిగింది 62,200. ఇది కొనేవాడికి చెప్తావా, చెప్పవా?

నల్లరేగడి_నంద్యాల
తీసేయమనడం సులువన్నా, నోటితో చెప్పేదే కదా. మెకానిక్ దగ్గర సగం తీసి సగం వదిలేస్తేనే అసలు ప్రమాదం. స్టీల్ బంపర్, వించీ కలిపి వంద కేజీల దాకా ఉంటాది. ఆ బరువుకనే ముందర గట్టి కాయిల్స్ వేసుంటారు. బంపర్ తీసి కాయిల్స్ అట్లే వదిలితే ముక్కు ఇంకా లేస్తాది. ముందు చక్రాలను తిప్పే సీవీ షాఫ్ట్ కోణం పెరుగుతాది, దాని రబ్బరు బూట్లు చినిగి గ్రీజు కక్కుతాయి, హైవే మీద స్టీరింగ్ తేలిపోతాది.

తిప్పాలంటే ముందూ వెనకా ఒకేసారి తిప్పాల. కమాన్లను యాక్సిల్‌కి పట్టే యూ-బోల్టులు పాతవి మళ్లీ వాడకూడదు, ఒకసారి సాగిన మరలు టార్క్ (బిగింపు) పట్టవు. కొత్తవి వేసి 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించాల. ముందర లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ బోల్టులూ, కమాన్ కొసని పట్టే షాకిల్ బోల్టులూ జాకీ మీద ఉన్నప్పుడు బిగించేస్తారు చూడు, అదే తప్పు. బండి నాలుగు చక్రాల మీద దిగినాకనే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలి పడి ఉండిపోయి కొద్ది నెలల్లోనే చినుగుతాది. ఆఖర్న అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయడం.

వించీ తీసినాక దాని లావు వైరు బ్యాటరీ దగ్గరే విప్పేయాల. కొసకి టేపు చుట్టి లోపల తోసేస్తే అది బాడీకి ఆనిన రోజు బండే కాలిపోతాది. ఇంతా చేసి స్నార్కెల్ తీస్తే ఫెండర్‌లో బొక్క మిగుల్తాది. ఫెండర్ మార్చి రంగేయించాల్సిందే. రంగు తేడా కనిపిస్తే ‘యాక్సిడెంట్ బండా?’ అని వచ్చినోడల్లా అడుగుతాడు. బెంగళూరోనికి అట్లే ఇచ్చేయ్.

కడప_నాపరాయి
పెన్నా ఇసుకలో టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గిస్తే స్టాక్ టైర్లు కూడా పోతాయి. ఇంత సామాను ఎందుకు ఎక్కించినావు సామీ?

ఆర్సీబుక్కు
నల్లరేగడి, ఓడోమీటర్ సంగతి మింగేసినావు.

నల్లరేగడి_నంద్యాల
మింగలేదు. కొత్త ఏటీ టైరు గాడి లోతు 11 మిల్లీమీటర్లు అనుకో. 3కి అరిగితే టైరు ఎత్తు 16 మిల్లీమీటర్లు తగ్గుతాది, అంటే 2 శాతం. టైరు జీవితం మొత్తానికి సగటు తీస్తే 1 శాతం. నీ 3.7 కాగితం మీదే ఉంటాది, రోడ్డు మీద కాదు.

ఆర్సీబుక్కు
కంపెనీ టైరు అరగదా? రెండూ అదే లెక్కన అరిగితే తేడా అట్లే ఉంటుంది. 3.7 అంటే 3.7.

నల్లరేగడి_నంద్యాల
సరే, 3.7. 2,200 కిలోమీటర్లకు ఆ ఇంజన్‌కి ఏమైతాది? టైమింగ్ చైన్ బండి అది, బెల్టు తెగే భయం కూడా లేదు. ఒక ఆయిల్ ఛేంజ్ కొంచెం ముందుగా చేస్తే సరిపాయె.

గండికోట_గాలి
అమ్మేది బండినా, ఓడోమీటర్‌నా?

ఆర్సీబుక్కు
నవ్వండి. ‘స్టాక్ బండి సార్’ అని అమ్ముతారు. కింద దూరి చూస్తే కమాను కింద ఇనుప దిమ్మె పెట్టి ఎత్తినవే. దిమ్మె ఉంటే లోడు మీద యాక్సిల్ మెలి తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు టకటకమంటాయి. బ్రేకుకి ఎల్‌ఎస్‌పీవీ (లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు) ఉన్న బండైతే ఇంకా ఘోరం. వెనక ఎత్తు పెరిగేసరికి ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకి ఒత్తిడి తగ్గిస్తుంది. నాకు అట్లాంటిది అంటగట్టినోడు ఇప్పటికీ ఫోన్ ఎత్తడు. అందుకే అడుగుతున్నా, చెప్తావా చెప్పవా అని.

నల్లరేగడి_నంద్యాల
మిమ్మల్ని ఒకడు ముంచినాడని సీమలో లిఫ్ట్ బండ్లన్నీ దొంగబండ్లేనా సార్? ఈయన దిమ్మె పెట్టలేదు, కమాన్లే మార్చినాడు. పైన రాసినాడు, చదవండి.

ఆర్సీబుక్కు
చదివినా. మీ నంద్యాల నల్లమట్టిలో వాన పడితే ఏ ఏటీ అయినా రెండు చుట్లకే గాడులు నిండి నున్నగైపోతుంది. అక్కడ పనికొచ్చేది ఎంటీ (బురద కోసం చేసిన మడ్ టెర్రైన్) టైరు. రెండంగుళాలు లేపితే మట్టి జారకుండా ఉంటుందా? బండిని అవసరానికి కాదు, ఫొటోకి లేపుతారు. ఆ ఫొటో ఖర్చు కొనేవాడు కట్టాలంటారు.

చీనీతోట
కొనేవాడి పక్క నుంచి ఒక మాట చెప్తా. మాకు స్టాక్ ఎందుకు కావాలంటే చట్టం కోసం కాదు. తొట్టి రెండంగుళాలు పైకి పోతే క్రేట్లు ఎత్తే కూలీకి పొద్దుగూకే లోపల భుజాలు పడిపోతాయి. కెనోపీ ఉంటే క్రేటు పక్కనుంచి పెట్టేదానికి కాదు, వంగి లోపలికి దూరాల. కాయ నింపినాక ఎత్తు బండి మలుపులో ఊగుతాది. లావు టైరుకి కంప ముల్లు సైడ్‌వాల్‌లో దిగితే అతుకు వేయరు, ఆ సైజు టైరు మండలంలో దొరకదు.

చిత్రావతి_ఇసుక
అసలు సంగతి చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. రైతుకి ఇచ్చేది మనసొప్పలేదు. సామాను తిప్పేదానికి నాకు కష్టం లేదు, దుడ్లు కూడా పెద్ద తేడా రాదు. పొద్దున్నే తోటలోకి, సాయంత్రం మండీకి, తొట్టి నిండా పైదాకా లోడు. ఏడాది తిరక్కముందే ఆ బండి ఎట్లుంటాదో తెలుసు. బెంగళూరు పిల్లోడైతే కడుక్కుని పెట్టుకుంటాడు.

ఆర్సీబుక్కు
ఇదీ సంగతి. ఇంతసేపూ స్టాకా లిఫ్టా అని మమ్మల్ని తిప్పినావు.

నల్లరేగడి_నంద్యాల
ఈ మాట వినినాక నేను మాట మారుస్తా. పికప్‌కి తొట్టి పెట్టిందే లోడుకి. కమాన్లు ఉన్నదే బరువు పడేదానికి, ఖాళీగా తిప్పితేనే ఆ బండి ఎగిరెగిరి పడతాది. లోడు వేస్తాడని రైతుకి ఇవ్వనంటే, మరి అది ఎందుకు చేసిన బండి అనుకున్నావు? బెంగళూరోడు కడుగుతాడు సరే. వాడు గుట్టలెక్కించి క్లచ్ కాల్చడని, తడి లేని తారు రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేట్టు పెట్టి) తోలి, ముందూ వెనకా చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ముడుచుకుపోయేట్టు చేయడని ఏం గ్యారంటీ?

చిత్రావతి_ఇసుక
గ్యారంటీ ఏం లేదు. కానీ దాని విలువ తెలిసినోని చేతిలో ఉండాల అనిపిస్తాది.

చీనీతోట
మాకు విలువ తెలీదనా?

ఆర్సీబుక్కు
తెలిసినోడు, తెలీనోడు అని నువ్వెట్ల తేలుస్తావు? డబ్బు తీసుకుని తాళం ఇచ్చినాక ఆ బండి మీద నీకు మాట లేదు. అమ్మేటోడి బాధ్యత రెండే. ఉన్నది దాచకుండా చెప్పడం, కాగితాలు పూర్తి చేయడం. రెండోది మాత్రం మరిచిపోవద్దు. పేరు మార్పిడి ఫారం 29, 30 సంతకాలు చేసి ‘ఆయన మార్చుకుంటాడులే’ అని ఇంటికి పోతారు. ఆర్సీలో నీ పేరున్నంత కాలం ఆ బండి ఎవరిని గుద్దినా పరిహారం నీ మెడకే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో నువ్వే రవాణా శాఖకు తెలపాలి. బెంగళూరుకైతే ఫారం 28 ఎన్ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చేందుకు అభ్యంతరం లేదనే కాగితం), మళ్లీ కర్ణాటకలో పన్ను. అక్కడ తనిఖీలో ఆ బంపర్, ఆ లిఫ్ట్ చూసి ఆపేస్తే బండి నీ పేరు మీదే ఉండిపోతుంది. చట్టం దగ్గర మొదలుపెట్టింది ఇందుకే. ఇన్సూరెన్స్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) నీది, బండితో పోదు. లెటర్ తీసుకుని పెట్టుకో, మూడేళ్లలోపు తీసుకునే బండికి పనికొస్తుంది. రైతుకిస్తే ఒకటి చెప్పు: అది తెల్ల బోర్డు (సొంత వాడకం) బండి, కిరాయి లోడు వేస్తే యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ ఎగరగొడతారు.

నల్లరేగడి_నంద్యాల
కాగితాల సంగతి ఒప్పుకుంటా. ఫొటోకి లేపుతారన్న మాట మాత్రం ఒప్పుకోను.

ఆర్సీబుక్కు
ఒప్పుకోమని ఎవరడిగినారు?

చిత్రావతి_ఇసుక
చీనీతోట అన్నా, విలువ తెలీదని నా ఉద్దేశం కాదు. ఎన్ఓసీ మాట విని బెంగళూరు బేరం పక్కన పెట్టినా. కాయిల్స్, కమాన్లు ఒకేసారి తిప్పిస్తా, యూ-బోల్టులు కొత్తవే. స్నార్కెల్ మాత్రం తీయను, ఫెండర్ కోయించినానని రైతుకి చూపించి ఆ మేరకు రేటు తగ్గిస్తా. మీటర్ తేడా కూడా చెప్తా. వించీ, బంపర్, కెనోపీ విడిగా అమ్మేస్తా.

గండికోట_గాలి
కెనోపీ ఇసుజు డీ-మ్యాక్స్ సింగిల్ క్యాబ్ (ఒకే వరుస సీట్ల) పికప్‌కి పడతాదా?

చిత్రావతి_ఇసుక
పట్టదన్నా. దాని తొట్టి పొడవు వేరు.