గాల్వెస్టన్ ఎలిస్సా ఓడలో వాలంటీర్‌గా ఎవరైనా చేశారా?

సముద్రపుగాలి:
మేం హ్యూస్టన్‌లో ఉంటాం, మొన్న పిల్లల్తో గాల్వెస్టన్ వెళ్లి ఎలిస్సా చూశాం. 1877లో స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో కట్టిన మూడు స్తంభాల ఇనప ఓడ, గ్రీసులో తుక్కు కింద పోవాల్సిందాన్ని 1975లో ఇక్కడివాళ్లు కొని 1982కల్లా మళ్లీ సముద్రంలో నడిచేలా చేశారంట. తెరచాపలెత్తి నడిపేది వాలంటీర్లేనని తెలిసినప్పట్నుంచీ నాకు అదే ధ్యాస. ఈత వచ్చు గానీ పడవంటే గోదావరి మీద పంటు ఎక్కడం తప్ప ఏం తెలీదు, పైగా ఎత్తంటే భయం. నాలాంటివాళ్లని తీసుకుంటారా? నిజంగా నేర్పిస్తారా, తుడవడం పెయింట్లేనా?

చుక్కాని:
నేను రెండు సీజన్లు చేశానండి, అనుభవం అక్కర్లేదు. తుడవడం, పెయింటూ ఉంటాయి, తుప్పు గీకడమైతే బోలెడంత. అసలు చదువు మాత్రం తాళ్లే. 19 తెరచాపలు, వాటి నుంచి దిగే తాళ్లు చూస్తే మొదట్లో తల తిరిగిపోద్ది, కానీ ఏది ఎక్కడ కట్టుందో చీకట్లో తడిమి చెప్పగలగాలి. హాల్యార్డ్ అనే తాడు లాగితే తెరచాప పైకి లేస్తది, క్లూలైన్ అనే తాడు లాగితే దాని మూల ముడుచుకుంటది, ఒకటి బదులు ఇంకోటి వదిలారా, పైనున్నవాళ్లకి ప్రమాదం. పెద్ద స్తంభం దాదాపు 100 అడుగులు, పైకెక్కమని బలవంతం లేదు. నేను మొదటిసారి సగంలోంచి దిగిపోయా, ఎవ్వరూ ఒక్క మాటనలేదు. కింద లాగేవాళ్లు లేకపోతే పైవాళ్లేం చెయ్యగలరు?

జింకుదిమ్మ:
నేను పైప్‌లైన్లకి తుప్పు పట్టకుండా చూసే పనిలో ఉన్నా, అందుకే ఈ ఓడంటే నాకు మరీ ఇష్టం. 2011లో కోస్ట్‌గార్డ్ తనిఖీ చేసి ఓడ అడుగునున్న ఇనప పలకల్ని తుప్పు తినేసిందని, ఇది సముద్రంలోకి పనికిరాదని తేల్చేశారు. ఉప్పునీళ్లలో ఇనుము పక్కన రాగి లాంటి లోహమున్నా, ఎక్కణ్ణుంచైనా కరెంటు లీకైనా పలక కరిగిపోతూ ఉంటది, అందుకే అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు, ఇనుము బదులు అవి అరిగిపోతాయి. డ్రైడాక్‌లో, అంటే ఓడని నీళ్లలోంచి తీసి రిపేరు చేసే చోట పెట్టి పలకలు మార్చడానికి దాదాపు 30 లక్షల డాలర్లయింది. అంత కష్టపడి బాగుచేసిన ఓడకి 30 ఏళ్లకే ఆ గతి! తుప్పు గీకే పనిని తక్కువగా చూడకండి ప్లీజ్.

కోరంగివాడు:
మాది తాళ్లరేవు దగ్గరండి. మా కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్లు, 1839 తుఫాను రేవుని ముంచేసింది. ఆ తర్వాత కూడా మా వైపు చెక్క నావలు కట్టారు, కాగితం మీద గీతే లేకుండా కంటి కొలతతోనే పలక వంచేవాళ్లని మా తాత చెప్పేవాడు. అలాంటి నావ ఒక్కటి బాగుచేసి కాకినాడ పిల్లలకి తెరచాప ఎత్తడం నేర్పితే ఎంత బావుణ్ణో! మీరు చేరితే అక్కడ ఏ వారం ఏం నేర్పుతున్నారో రాస్తూ ఉండండి, నాకు నిజంగా కావాలి.

సముద్రపుగాలి:
తప్పకుండా రాస్తానండి, వచ్చే శనివారమే వెళ్లి కనుక్కుంటా. చుక్కాని గారూ, గ్లౌజులు కొనుక్కోవాలా?

చుక్కాని:
వద్దండి, చేతికి తాడు తెలియాలి. జారని బూట్లు మాత్రం కొనుక్కోండి.