పిల్లి ఒకటే గోక్కుంటుంది, లైనింగు గుడ్డ మీద నల్ల రవ్వ పడుతుంది

లైనింగు అక్క, దేవరకొండ:
మా ఇంట్ల బుడ్డి అని రెండేండ్ల పిల్లి ఉంది. పది దినాల సంది ఒకటే గోకుడు. తోక మొదట్ల బొచ్చు ఊడి చర్మం కనపడుతుంది. నేను ఇంట్లనే జాకెట్లు కుడత. మొన్న తెల్ల లైనింగు పరిచి కత్తెర పట్టుకునే లోపల అది వచ్చి పండుకుంది. లేపి చూస్తే గుడ్డ నిండ నల్ల రవ్వ. మిషన్ మురికేమో అనుకొని తడి వేలుతో తుడిస్తే గోరింటాకు పండినట్టు ఎర్రగ గీత పడ్డది. ఆ గుడ్డ పెండ్లివారిది, అది వేరే గోస.

గోమార్లయితే ఒక్క తాన పట్టుకొని ఉంటయి. ఇవి బొచ్చుల ఉరుకుతయి. ఒకటి దొరికితే పేనును కుక్కినట్టు గోళ్ల నడుమ కుక్కిన, నలగలే, దుంకి పోయింది. నా మడమల మీద గూడ దద్దుర్లు. పక్కింటోళ్లు మేకలకు కొట్టే మందు ఇస్తమంటున్నరు. కొట్టాల్నా? మా అత్తమ్మయితే పిల్లినే బయటికి కొట్టమంటుంది.

మేకల మల్లన్న:
మేం ఎప్పటి సంది కొడుతున్నం, సాఫ్ అయితయి. పిల్లికి సగం కలుపు చెల్లే.

గోపాలమిత్ర, జడ్చర్ల:
అన్నా, ఆ మాట తీసెయ్. అక్కా, సగం కాదు, చుక్క గూడ వద్దు. మేకలకు కొట్టే కొన్ని మందుల్ల డెల్టామెత్రిన్, కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల్ల పెర్మెత్రిన్ ఉంటది. అసొంటి విషాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పైనుంచి ఒళ్లంత నాక్కుంటది గద, కడుపులకు గూడ పోతది. చొంగ, వణుకు, ఫిట్సు వస్తయి, పానం పోతది.

నువ్వు తుడిచింది నెత్తురే. పురుగు తాగినది ఎండి రవ్వలెక్క రాలుతది. ఫ్లీలు అంటరు వీటిని. నేను బర్రెల మనిషిని, పిల్లికి డాక్టరునే అడుగు. సెలామెక్టిన్ చుక్కలు రాస్తరు ఎక్కువ. ప్యాకెట్ మీద పిల్లికి అని ఉండాలె, బరువుకు తగ్గది కావాలె. దాన్ని ఎత్తుకొని తూకం ఎక్కు, మళ్ల ఒక్కదానివే ఎక్కు, రెండిటి తేడానే దాని బరువు. మెడ వెనక నాలుక అందని తాన బొచ్చు పాయ తీసి చర్మానికి తగిలేటట్టు వెయ్యి.

ఇంతకు ఆ మేకల కొట్టం ఎంత దూరం? పిల్లి ఫ్లీలే మేకలను గూడ కుడతయి.

లైనింగు అక్క:
నడుమ ఒక్క గోడే అన్నా! పగటిపూట బుడ్డి అక్కడి గడ్డిలనే పండుకుంటది. రాత్రి నా మిషన్ కింద ముక్కల మూట మీద. డాక్టరు రాసిన చుక్కలు వేసిన, రెండు రోజులు మంచిగుంది. పన్నెండో రోజు మళ్ల రెండు కనపడ్డయి. మందు నకిలీదా?

పిల్లులమ్మ, నల్లగొండ:
నకిలీ కాదమ్మా. గుడ్లు పిల్లి మీద ఆగవు, అది పండుకున్న తాననే రాలతయి. వాటి పురుగులు గూడు కట్టుకుంటే మందు లోపలికి పోదు. కొన్ని నెలల దాక అట్లనే ఉండి, అడుగుల అదురుకు, ఒంటి వేడికి బయటికొస్తయి. ముక్కల మూట పారెయ్యి, దుప్పట్లు వేడినీళ్లల్ల ఉతుకు, మూలలు ఊడ్చి చెత్త వెంటనే కాలబెట్టు. మందు మాత్రం తొందరపడి మళ్ల వెయ్యకు, డాక్టరు చెప్పిన నెలకే. తోక కింద దోస గింజల లాంటివి ఉన్నయా చూడు. ఫ్లీని మింగితే కడుపుల టేపు పురుగు వస్తది, ఆ గింజలు దాని తునకలే.

లైనింగు అక్క:
ఉన్నయమ్మా. బియ్యం గింజలనుకొని ఊడుస్తున్న ఇన్ని రోజులు. రేపు పొయ్యి దానికి గూడ మందు తెస్త. పక్కింటోళ్లను పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయమన్న, మేకలు గూడ గోడకు రాసుకుంటున్నయట. మూట పారేసిన, కొత్త ముక్కలు ఇప్పుడు ఇనుప డబ్బాల. పెండ్లివారికి నా పైసలతోనే కొత్త లైనింగు తెచ్చిన. బుడ్డి అప్పుడే దాని మీద కన్నేసింది.